విండోస్, లినక్స్ మధ్య ఫైల్ షేరింగ్: దారి ఎక్కడ తెగిందో చూసి అక్కడే సరిచేయడం ఎలా?

"ఫోల్డర్ కనపడుతోంది, కానీ తెరుచుకోవట్లేదు." "అప్‌డేట్ పడ్డాక షేర్ మాయమైంది." "నేను సేవ్ చేసిన ఫైల్‌ని పక్కవాళ్లు మార్చలేకపోతున్నారు." మాటిమాటికీ వచ్చే ప్రశ్నలివి. మూడూ మూడు వేర్వేరు జబ్బులు. అందరూ వేసే మందు మాత్రం ఒకటే: ఫోల్డర్‌కి 777 పర్మిషన్ (అంటే అందరికీ అన్ని హక్కులూ), ఫైర్‌వాల్ ఆఫ్, పాత ఎస్‌ఎంబీ1 (విండోస్ ఫైల్ షేరింగ్‌కి వాడే ఎస్‌ఎంబీ పద్ధతి తొలి వెర్షన్) ఆన్. అదృష్టం బాగుంటే పని జరుగుతుంది. ఏది సరిచేశామో తెలియదు కాబట్టి మళ్లీ చెడినప్పుడు మళ్లీ మొదటికే వస్తాం.

విండోస్ నుంచి లినక్స్‌లోని ఫైల్‌ని చేరాలంటే వరసగా కొన్ని మెట్లు దాటాలి: నెట్‌వర్క్, పోర్ట్, లాగిన్, షేర్ పేరు, షేర్ పర్మిషన్, ఫోల్డర్ పర్మిషన్, చివరికి ఫైల్ పేరు. కింది మెట్టు గట్టిగా ఉందని తేలేదాకా పై మెట్టు ముట్టుకోవద్దు. ఇది తప్పు వెతికే వరస. గైడ్ మాత్రం ముందు సర్వర్‌ని సిద్ధం చేసి, ఆపైన పరీక్షలకు వస్తుంది.

కమాండ్లు, సెట్టింగ్‌లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. టెర్మినల్లో వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. పెద్ద అక్షరం అవసరమైన చోట విడిగా చెప్పాను.

## 1. ముందు తేల్చుకోవాల్సినవి

నిజంగా షేర్ కావాలా అన్నది మొదటి ప్రశ్న. ఒక్కసారి కొన్ని ఫైల్స్ అటునుంచి ఇటు తెచ్చుకోవడమే పనైతే ఇదంతా వద్దు. లినక్స్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే సర్వీస్) ఉంటే విండోస్‌లో విన్‌ఎస్‌సీపీ అనే ప్రోగ్రాంతో లాగేసుకోండి, ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

రోజూ ఇద్దరు ముగ్గురు ఒకే ఫోల్డర్‌లో పనిచేయాలంటే షేర్ కావాలి. ఎప్పుడూ ఆన్‌లో ఉండే మెషీన్‌నే సర్వర్ చేయండి. అది లినక్స్ అయితే సాంబా వాడండి, లినక్స్ ఫోల్డర్లని విండోస్‌కి షేర్ చేసే ప్రోగ్రాం అది. లినక్స్ మెషీన్ల మధ్య వాడే షేరింగ్ పద్ధతి ఎన్‌ఎఫ్‌ఎస్‌కి క్లయింట్ కూడా విండోస్ కొన్ని ఎడిషన్లలో దొరుకుతుంది. కానీ ఎన్‌ఎఫ్‌ఎస్ యూజర్లను నంబర్లతో గుర్తుపడుతుంది, విండోస్‌కి ఆ నంబర్ల లెక్క వేరే. ఆ రెండింటికీ లంకె వేయడం పెద్ద తలనొప్పి. విండోస్ మెషీన్లు ఉన్నచోట దాని జోలికి పోవద్దనే నా సలహా.

మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి:

- సర్వర్‌కి మారని ఐపీ అడ్రస్ ఉందా? రూటర్‌లో రిజర్వ్ చేస్తే చాలు.
- రెండు మెషీన్లలో టైమ్, టైమ్‌జోన్ సరిగ్గా ఉన్నాయా?
- ఎవరెవరు చదవాలి, ఎవరెవరు రాయాలి? కాగితం మీద రాసుకోండి.
- సర్వర్‌లో ఏ లినక్స్? ఉబుంటు, డెబియన్‌లలో సర్వీస్ పేరు ఎస్‌ఎంబీడీ. ఫెడోరా, రెడ్‌హ్యాట్ తరహాలో చివర డీ లేకుండా ఎస్‌ఎంబీ.
- షేర్ చేయబోయే ఫోల్డర్‌కి బ్యాకప్ ఉందా? పర్మిషన్లు మార్చే కమాండ్‌లో ఒక్క స్లాష్ ఎక్కువ పడితే కథ మారిపోతుంది.

## 2. లినక్స్‌లో గ్రూప్, యూజర్, ఫోల్డర్

సాంబా సెట్టింగ్ ఫైల్ తెరవక ముందే ఈ పని పూర్తవ్వాలి. చాలామంది దీన్ని చివరికి వదిలేసి ఇక్కడే ఇరుక్కుంటారు.

మొదట గ్రూప్. "టీమ్" అని ఒక గ్రూప్ సృష్టించండి. పర్మిషన్లు మనుషులకు కాకుండా గ్రూప్‌కి ఇస్తే రేపు ఒకరు వచ్చినా పోయినా ఒక్కచోట మారిస్తే సరిపోతుంది.

తర్వాత యూజర్లు. ఉన్న యూజర్‌ని గ్రూప్‌లో చేర్చడానికి యూజర్‌మాడ్ కమాండ్‌కి హైఫన్ పెట్టి చిన్న ఏ, పెద్ద జీ రెండూ ఇవ్వండి. ఆ చిన్న ఏ మర్చిపోతే యూజర్ కొత్త గ్రూప్‌లో చేరతాడు, అదనంగా ఉన్న పాత గ్రూపులన్నింటి నుంచీ బయటికి వచ్చేస్తాడు. అందులో సుడో హక్కున్న గ్రూప్ కూడా ఉంటే ఇక అడ్మిన్ పనులేవీ చేయలేడు.

ఆ తర్వాత ఫోల్డర్. /ఎస్‌ఆర్‌వీ/ప్రాజెక్ట్ లాంటి చోట పెట్టండి. యూజర్ల హోమ్ ఫోల్డర్‌లో పెట్టొద్దు. ఉబుంటు 21.04 నుంచి కొత్త హోమ్ ఫోల్డర్లు 0750 పర్మిషన్‌తో వస్తున్నాయి, అంటే బయటివాళ్లు లోపలికి అడుగే పెట్టలేరు. లోపలి ఫోల్డర్‌కి మీరు 777 ఇచ్చినా గుమ్మంలోనే ఆగిపోతారు.

ఫోల్డర్ గ్రూప్‌ని "టీమ్" చేసి, సీహెచ్‌మాడ్ 2770 ఇవ్వండి. ముందున్న 2 ముఖ్యం. దానివల్ల లోపల పుట్టే ప్రతి ఫైలూ ఆటోమేటిక్‌గా "టీమ్" గ్రూప్‌కే చెందుతుంది. అది లేకపోతే ఎవరి ఫైల్ వాళ్ల సొంత గ్రూప్‌లో పుడుతుంది.

ఇక్కడ ఒక మంచి పనిముట్టు ఉంది: నేమ్‌ఐ. స్పెల్లింగ్ నేమ్ తర్వాత ఒక ఐ, అంతే. "నేమ్‌ఐ -ఎల్" అని కొట్టి ఫోల్డర్ పూర్తి పాత్ ఇస్తే, రూట్ నుంచి చివరిదాకా ఒక్కో ఫోల్డర్ పర్మిషన్ ఒక్కో వరుసలో చూపిస్తుంది. పై నుంచి కిందికి చదువుకుంటూ రండి. ఎక్కడైనా మీ యూజర్‌కి ఎగ్జిక్యూట్ హక్కు, అంటే ఎక్స్ అక్షరం, లేకపోతే అడ్డు అక్కడే ఉంది. ఫోల్డర్‌కి ఎక్స్ అంటే దాన్ని దాటి లోపలికి వెళ్లే హక్కు.

## 3. సాంబా పాస్‌వర్డ్ వేరు, లినక్స్ పాస్‌వర్డ్ వేరు

సాంబా తన యూజర్లను సొంత డేటాబేస్‌లో ఉంచుకుంటుంది. లినక్స్‌లో యూజర్ ఉండాలి, సాంబాలో కూడా అదే పేరుతో నమోదు అవ్వాలి. రెండోది చేయడానికి "ఎస్‌ఎంబీపాస్‌డబ్ల్యూడీ -ఏ" అని కొట్టి యూజర్ పేరివ్వండి. ఎవరెవరు నమోదయ్యారో "పీడీబీఎడిట్" కమాండ్‌కి హైఫన్, పెద్ద ఎల్ ఇస్తే తెలుస్తుంది.

మామూలుగా, లినక్స్‌లో పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన సాంబాలో మారదు. "నిన్న పాస్‌వర్డ్ మార్చా, ఇవాళ షేర్ తీసుకోవట్లేదు" అనేవాళ్లు విండోస్‌లో కొత్త పాస్‌వర్డ్ కొడుతూ ఉంటారు. సాంబా ఇంకా పాతదే అడుగుతూ ఉంటుంది.

## 4. సెట్టింగ్ ఫైల్

ఫైల్ పేరు ఎస్‌ఎంబీ.కాన్ఫ్, ఉండేది /ఈటీసీ/సాంబా ఫోల్డర్‌లో. ముందు ఒక కాపీ తీసి పక్కన పెట్టండి. చివర ఈ వరుసలు చేర్చండి:

[ప్రాజెక్ట్]
పాత్ = /ఎస్‌ఆర్‌వీ/ప్రాజెక్ట్
వాలిడ్ యూజర్స్ = @టీమ్
రీడ్ ఓన్లీ = నో
ఫోర్స్ గ్రూప్ = టీమ్
క్రియేట్ మాస్క్ = 0660
డైరెక్టరీ మాస్క్ = 2770

ముఖ్యమైనవి ఎందుకో తెలుసుకుంటే గుడ్డిగా కాపీ కొట్టాల్సిన పని ఉండదు.

"రీడ్ ఓన్లీ" మీరు చెప్పకపోతే ఎస్ అనే లెక్క. ఫోల్డర్ పర్మిషన్ ఎంత ధారాళంగా ఉన్నా విండోస్ నుంచి రాయలేకపోతే ముందు ఈ వరుసే చూడండి.

"క్రియేట్ మాస్క్" అంటే కొత్త ఫైల్‌కి మించకూడని హక్కుల హద్దు. అది ఇవ్వకపోతే సాంబా 0744 తీసుకుంటుంది. అంటే ఫైల్ పెట్టినవాడు రాయగలడు, గ్రూప్‌లో మిగతావాళ్లు చదవగలరంతే. మొదట్లో చెప్పిన మూడో ఫిర్యాదుకి మూలం చాలాసార్లు ఇదే.

పైన గ్లోబల్ భాగంలో ఒక్క మార్పు చేయమంటాను: "మ్యాప్ టు గెస్ట్ = నెవర్". ఉబుంటు, డెబియన్‌లతో వచ్చే ఫైల్‌లో ఇక్కడ "బ్యాడ్ యూజర్" అని ఉంటుంది. అంటే సాంబాకి తెలియని యూజర్ పేరుతో ఎవరైనా వస్తే తిప్పి పంపకుండా గెస్ట్‌గా లోపలికి రానిస్తుంది. వినడానికి బాగానే ఉంది. కానీ యూజర్ పేరులో ఒక్క అక్షరం తప్పు కొట్టినా "పాస్‌వర్డ్ తప్పు" అని రాకుండా "పర్మిషన్ లేదు" అనో, "గెస్ట్ యాక్సెస్‌ని సెక్యూరిటీ పాలసీ అడ్డుకుంటోంది" అనో వస్తుంది. లాగిన్‌లో ఉన్న తప్పుని పర్మిషన్లలో వెతుకుతూ పూట గడిచిపోతుంది. నెవర్ అని పెడితే తప్పు తప్పుగానే కనపడుతుంది.

సేవ్ చేశాక "టెస్ట్‌పార్మ్" కొట్టండి. అక్షర దోషాలుంటే చెబుతుంది. అప్పుడు సర్వీస్ రీస్టార్ట్ చేయండి.

## 5. ఫైర్‌వాల్, ఎస్‌ఈలినక్స్

తెరవాల్సింది టీసీపీ 445 పోర్ట్. ఉబుంటులో "యూఎఫ్‌డబ్ల్యూ అలౌ సాంబా", ఫెడోరా తరహాలో ఫైర్‌వాల్‌లో సాంబా సర్వీస్‌ని శాశ్వతంగా చేర్చి రీలోడ్ చేయండి. 137, 138, 139 పాత నెట్‌బయోస్ పోర్టులు. కొత్త విండోస్‌కి అవి అవసరం లేదు. 445ని ఇంటర్నెట్ వైపు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తెరవొద్దు. బయటినుంచి కావాలంటే వీపీఎన్ పెట్టుకోండి.

ఫెడోరా, రెడ్‌హ్యాట్ తరహా సర్వర్లలో ఎస్‌ఈలినక్స్ మరో కాపలాదారు. పర్మిషన్లు అన్నీ సరిగ్గా ఉంటాయి, లాగిన్ అవుతుంది, ఫోల్డర్ మాత్రం ఖాళీగా కనపడుతుంది లేదా తెరుచుకోదు. ఫోల్డర్ మీద "సాంబా_షేర్_టీ" అనే లేబుల్ లేకపోవడమే కారణం. ఎస్‌ఈమేనేజ్‌తో ఆ లేబుల్‌ని ఫోల్డర్ పాత్‌కి రాసి, రిస్టోర్‌కాన్‌తో అమలు చేయండి. అనుమానం తీర్చుకోవడానికి "సెట్‌ఎన్‌ఫోర్స్ 0" కొట్టి ఒక్క నిమిషం చూడొచ్చు. పనిచేస్తే అడ్డు ఎస్‌ఈలినక్సేనని తేలింది కాబట్టి వెంటనే "సెట్‌ఎన్‌ఫోర్స్ 1" కొట్టి, లేబుల్ సరిచేయండి. దాన్ని శాశ్వతంగా ఆపేయమని చెప్పే సలహాలు కోకొల్లలు. వినకండి.

## 6. విండోస్ ముట్టుకోక ముందే ఒక పరీక్ష

సర్వర్ మీదే కూర్చుని సర్వర్‌ని పరీక్షించండి. "ఎస్‌ఎంబీక్లయింట్ //లోకల్‌హోస్ట్/ప్రాజెక్ట్" అని కొట్టి, హైఫన్ పెద్ద యూ తర్వాత యూజర్ పేరివ్వండి. లోపలికి వెళ్లాక "ఎల్‌ఎస్", ఆపైన "పుట్" తో ఒక చిన్న ఫైల్ పెట్టి చూడండి.

ఇక్కడ వచ్చే జవాబే జబ్బు పేరు:

- కనెక్షన్ రిఫ్యూజ్డ్: సర్వీస్ నడవట్లేదు.
- లాగాన్ ఫెయిల్యూర్: యూజర్ పేరో పాస్‌వర్డో తప్పు, లేదా సాంబాలో నమోదు కాలేదు. 3వ భాగానికి వెళ్లండి.
- బ్యాడ్ నెట్‌వర్క్ నేమ్: షేర్ పేరు తప్పు, లేదా పాత్‌లో ఇచ్చిన ఫోల్డరే లేదు.
- యాక్సెస్ డినైడ్, కనెక్ట్ అవుతూనే: వాలిడ్ యూజర్స్‌లో మీరు లేరు.
- యాక్సెస్ డినైడ్, ఫైల్ పెట్టేటప్పుడు మాత్రమే: రీడ్ ఓన్లీ, లేదా ఫోల్డర్ పర్మిషన్, లేదా ఎస్‌ఈలినక్స్.

ఇది పాసయ్యిందంటే సర్వర్ లోపలి పని పూర్తయినట్టే. ఇక తేడా ఏదొచ్చినా ఫైర్‌వాల్‌లో, దారిలో, లేదా విండోస్‌లో ఉంటుంది. ఈ ఒక్క పరీక్ష ఎగ్గొట్టడం వల్లే ఎక్కువ టైమ్ వృథా అవుతుందని నా నమ్మకం.

## 7. విండోస్ నుంచి కలపడం

మొదట పోర్ట్. పవర్‌షెల్‌లో "టెస్ట్-నెట్‌కనెక్షన్" కమాండ్‌కి సర్వర్ ఐపీ, "-పోర్ట్ 445" ఇవ్వండి. ట్రూ అని రావాలి. ఫాల్స్ వస్తే 5వ భాగానికి వెనక్కి వెళ్లండి.

తర్వాత ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు, సర్వర్ ఐపీ, మరో బ్యాక్‌స్లాష్, షేర్ పేరు కొట్టండి. యూజర్ పేరు అడిగినప్పుడు సర్వర్ పేరు, బ్యాక్‌స్లాష్, యూజర్ అని ఇవ్వండి. ఉత్త యూజర్ పేరిస్తే విండోస్ కొన్నిసార్లు తన మెషీన్ పేరుని ముందు తగిలిస్తుంది.

### "నెట్‌వర్క్" లిస్టులో కనపడట్లేదు

కనపడకపోవడం వేరు, పనిచేయకపోవడం వేరు. ఒకప్పుడు ఆ లిస్టు ఎస్‌ఎంబీ1తో పాటు నడిచే పాత పద్ధతిలో నిండేది. 2017లో వాన్నాక్రై దాడి ఎస్‌ఎంబీ1లోని లోపం మీదే సాగింది. ఆ ఏడాదే విండోస్ 10 వెర్షన్ 1709 నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని మామూలుగా ఇన్‌స్టాల్ చేయడం ఆపేసింది. సాంబా కూడా 2019లో 4.11 నుంచి దాన్ని ఆపి ఉంచుతోంది.

లిస్టులో కనపడి తీరాలంటే లినక్స్‌లో "డబ్ల్యూఎస్‌డీడీ" అనే చిన్న సర్వీస్ పెట్టి, యూడీపీ 3702, టీసీపీ 5357 పోర్టులు తెరవండి. లిస్టు కోసం ఎస్‌ఎంబీ1 మళ్లీ ఆన్ చేయడం మాత్రం దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్టే.

### అప్‌డేట్ తర్వాత ఆగిపోయింది

విండోస్ 11లో 24హెచ్2 నుంచి ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో ఎస్‌ఎంబీ సైనింగ్ (డేటా దారిలో మారలేదని సంతకంతో రుజువు చేసుకోవడం) తప్పనిసరి. గెస్ట్‌గా వెళ్తే సైనింగ్ కుదరదు. అందుకే పాస్‌వర్డ్ లేని షేర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. పాలసీలు తిప్పి పాతదారికి వెళ్లొచ్చు కానీ, షేర్‌కి యూజర్, పాస్‌వర్డ్ పెట్టుకోవడం అంతకన్నా తేలిక. 3, 4 భాగాల్లో చెప్పినట్టు చేస్తే ఈ సమస్య రాదు.

### ఎర్రర్ 1219

ఒకే సర్వర్‌కి ఒకే సమయంలో రెండు వేర్వేరు యూజర్ పేర్లతో వెళ్తే విండోస్ ఒప్పుకోదు. ముందెప్పుడో వేరే పేరుతో తెరిచిన షేర్ వెనకాల ఇంకా బతికే ఉంటుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో "నెట్ యూజ్" కొడితే ఏమేం తెరిచి ఉన్నాయో కనపడుతుంది. "నెట్ యూజ్ * /డిలీట్" తో అన్నీ తెంపేయండి. ఆపైన కంట్రోల్ ప్యానెల్‌లోని క్రెడెన్షియల్ మేనేజర్‌లో ఆ సర్వర్ పేరుతో సేవ్ అయిన పాత పాస్‌వర్డ్ తీసేయండి. రెండు పేర్లూ నిజంగానే కావాలంటే ఒకదానికి ఐపీతో, ఇంకోదానికి సర్వర్ పేరుతో వెళ్లండి. విండోస్ వాటిని రెండు సర్వర్లుగా లెక్కేస్తుంది.

గ్రూప్‌లో కొత్తగా చేర్చిన యూజర్‌కి "పర్మిషన్ లేదు" అని వస్తూనే ఉన్నా ఇదే వైద్యం. పాత కనెక్షన్ పాత గ్రూపులతోనే నడుస్తుంటుంది. తెంపి మళ్లీ కలిపితేనే కొత్త గ్రూప్ లెక్కలోకి వస్తుంది.

### మిగతా ఎర్రర్ నంబర్లు

0ఎక్స్80070035 అని చూసి టెన్షన్ పడొద్దు. చివరి 35 హెక్సా లెక్కలో ఉంది, మన లెక్కలో 53. "నెట్ యూజ్" కొడితే వచ్చే ఎర్రర్ 53 ఇదే: మెషీన్ దాకా దారి దొరకలేదు. 67 అంటే షేర్ పేరు తప్పు. 86, 1326 అంటే పాస్‌వర్డ్ లేదా యూజర్ పేరు తప్పు. 5 అంటే పర్మిషన్ లేదు.

## 8. ఎదురు దిక్కు: విండోస్ షేర్‌ని లినక్స్‌లో మౌంట్ చేయడం

మౌంట్ అంటే అవతలి షేర్‌ని ఇక్కడి ఒక ఫోల్డర్‌గా కలుపుకోవడం. విండోస్‌లో షేర్ కోసం విడిగా ఒక లోకల్ యూజర్‌ని పాస్‌వర్డ్‌తో సృష్టించండి. రోజూ మీరు పిన్ కొట్టి లాగిన్ అయ్యే అకౌంట్‌తో తంటాలు పడొద్దు. ఆ పిన్ ఆ మెషీన్‌కే పరిమితం, నెట్‌వర్క్‌లో చెల్లదు. పాస్‌వర్డ్ ఖాళీగా ఉన్న అకౌంట్‌ని కూడా విండోస్ నెట్‌వర్క్ నుంచి రానివ్వదు.

నెట్‌వర్క్ ప్రొఫైల్ ప్రైవేట్‌లో ఉండాలి, ఫైల్ షేరింగ్ ఆన్‌లో ఉండాలి. ఫోల్డర్‌కి రెండు చోట్ల పర్మిషన్ ఇవ్వాలి: షేరింగ్ ట్యాబ్‌లో, సెక్యూరిటీ ట్యాబ్‌లో. రెండింటిలో ఏది కఠినంగా ఉంటే అదే చెల్లుతుంది.

లినక్స్‌లో వరస ఇది:

1. సీఐఎఫ్‌ఎస్-యుటిల్స్ ప్యాకేజీ వేయండి. ఇది లేకపోతే "రాంగ్ ఎఫ్‌ఎస్ టైప్, బ్యాడ్ ఆప్షన్" అని సంబంధం లేనట్టున్న ఎర్రర్ వస్తుంది.
2. పాస్‌వర్డ్ ఫైల్ రాయండి. మొదటి వరుస యూజర్‌నేమ్=, రెండోది పాస్‌వర్డ్=. సమానం గుర్తుకి అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు. ఫైల్‌కి 600 పర్మిషన్. పాస్‌వర్డ్‌లో కామా ఉంటే కమాండ్‌లో నేరుగా ఇచ్చినప్పుడు తెగిపోతుంది, ఫైల్‌లో ఆ బాధ లేదు.
3. చేత్తో ఒకసారి మౌంట్ చేసి చూడండి. పాత్‌లో ముందుకు వాలే స్లాష్‌లే వాడండి. టెర్మినల్ బ్యాక్‌స్లాష్‌ని మింగేస్తుంది.
4. పనిచేశాకే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (మౌంట్ చేయాల్సినవాటి జాబితా ఉండే ఫైల్) రాయండి. "నోఫెయిల్", "_నెట్‌డెవ్", "ఎక్స్-సిస్టమ్‌డీ.ఆటోమౌంట్" ఆప్షన్లు చేర్చండి. విండోస్ మెషీన్ ఆపి ఉన్నా లినక్స్ బూట్ అవుతుంది, ఫోల్డర్ తెరిచినప్పుడే మౌంట్ జరుగుతుంది. షేర్ పేరులో ఖాళీ ఉంటే దాని బదులు \040 రాయండి.

మౌంట్ చేశాక ఫైల్స్ అన్నీ రూట్ పేరు మీద కనపడి, మామూలు యూజర్ రాయలేకపోవడం సర్వసాధారణం. సీహెచ్‌మాడ్, సీహెచ్‌ఓన్ కొట్టి లాభం లేదు, మామూలు మౌంట్‌లో అవి నిలవవు. మౌంట్ ఆప్షన్లలోనే యూఐడీ=, జీఐడీ=, ఫైల్_మోడ్=, డిర్_మోడ్= ఇవ్వాలి. తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా కనపడితే "ఐఓచార్‌సెట్=యూటీఎఫ్8" చేర్చండి.

మౌంట్ ఎర్రర్ 13 అంటే లాగిన్ లేదా పర్మిషన్. 2 అంటే షేర్ పేరు తప్పు. 115 అంటే పోర్ట్ నుంచి జవాబు లేదు, ఎక్కువగా ఫైర్‌వాల్. 112 "హోస్ట్ ఈజ్ డౌన్" అంటుంది కానీ మెషీన్ శుభ్రంగా నడుస్తూనే ఉండొచ్చు. అవతలిది పాత పరికరం అయితే ఎస్‌ఎంబీ వెర్షన్ కుదరక ఆ మాట వస్తుంది. "వెర్స్=" ఆప్షన్‌తో 3.0, 2.1, 2.0 వరసగా ప్రయత్నించండి.

## 9. "నా ఫైల్ వాళ్లు మార్చలేకపోతున్నారు"

4వ భాగంలో మాస్క్‌లు సరిగ్గా పెట్టినా ఇది మళ్లీ వస్తుందంటే, ఎవరో ఒకరు సాంబా ద్వారా కాకుండా నేరుగా సర్వర్‌లో ఫైల్స్ సృష్టిస్తున్నారు. ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ అయి కాపీ చేసేవాళ్లు, రాత్రిపూట నడిచే స్క్రిప్టులు. వాటికి సాంబా మాస్క్‌లు వర్తించవు, లినక్స్ యూమాస్క్ (కొత్త ఫైల్ నుంచి ఏ హక్కులు తీసేయాలో చెప్పే నంబర్) వర్తిస్తుంది. అది 022 అయితే గ్రూప్‌కి రాసే హక్కు పోతుంది.

దీనికి మందు డిఫాల్ట్ ఏసీఎల్, అంటే ఫోల్డర్‌లో పుట్టే ఫైల్స్ కోసం ముందే రాసిపెట్టే హక్కుల జాబితా. "సెట్‌ఎఫ్‌ఏసీఎల్ -డీ -ఎం" కి "జీ:టీమ్:ఆర్‌డబ్ల్యూఎక్స్" ఇచ్చి ఫోల్డర్ పేరు రాయండి. ఇక ఎటునుంచి కొత్త ఫైల్ సృష్టించినా మామూలుగా గ్రూప్ హక్కు దానికి వస్తుంది. మరో చోట పుట్టి ఎంవీ కమాండ్‌తో లోపలికి జరిపిన ఫైల్ మాత్రం తన పాత పర్మిషన్లతోనే వస్తుంది.

ఈ ఏర్పాటు కొత్త ఫైల్స్‌కే. పాతవాటికి ఒక్కసారి గ్రూప్, పర్మిషన్ మొత్తం మార్చాలి. అప్పుడు ఫైల్స్‌కి 660, ఫోల్డర్లకి 2770 విడివిడిగా ఇవ్వండి. ఫైండ్ కమాండ్‌కి "-టైప్ ఎఫ్", "-టైప్ డీ" అందుకే ఉన్నాయి. అన్నింటికీ కలిపి ఒకే నంబర్ కొడితే ఫైల్స్ అన్నీ ప్రోగ్రాముల్లా మారతాయి, లేదా ఫోల్డర్లు తెరుచుకోవు.

## 10. ఫైల్ పేర్ల గొడవ

లినక్స్‌లో ఫైల్ పేరులో స్లాష్ తప్ప దాదాపు ఏదైనా పెట్టొచ్చు. విండోస్‌కి చాలా పట్టింపులున్నాయి:

- < > : " / \ | ? * గుర్తులు పనికిరావు. టైమ్‌ని కోలన్‌తో పేరులో పెట్టే లాగ్ ఫైల్స్ ఇక్కడే దొరికిపోతాయి.
- పేరు చివర చుక్క, ఖాళీ ఉండకూడదు.
- కాన్, ప్రిన్, ఆక్స్, నల్, కామ్1, ఎల్‌పీటీ1 లాంటివి విండోస్ తన కోసం ఉంచుకున్న పేర్లు.
- పెద్ద, చిన్న అక్షరాల తేడా లినక్స్‌కి ఉంది, విండోస్‌కి లేదు. ఆ తేడాతో రెండు ఫైల్స్ ఉంటే విండోస్ నుంచి ఒకదాన్ని తెరిస్తే ఇంకోటి తెరుచుకోవచ్చు.

విండోస్‌కి నచ్చని పేరున్న ఫైల్‌ని సాంబా మధ్యలో ~ గుర్తున్న పొట్టి పేరుగా మార్చి చూపిస్తుంది. "ఫైల్ పేరు వైరస్‌లా మారిపోయింది" అని కంగారు పడేది దీన్ని చూసే. సర్వర్‌లో అసలు పేరు అలాగే ఉంటుంది. అక్కడే పేరు మార్చేస్తే సరి. ఇలాంటి పేర్లు వందల్లో ఉంటే సాంబాలో "కాటియా" అనే మాడ్యూల్ గుర్తులను మార్చి చూపించగలదు.

తెలుగులో పేర్లు పెట్టేవాళ్లకి మరో చిక్కు ఉంది. లినక్స్ ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4లో ఒక ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్-8లో ఇంగ్లిష్ అక్షరానికి 1 బైట్, తెలుగు అక్షరానికి 3. గుణింతపు గుర్తు, పొల్లు కూడా విడివిడిగా మూడేసి బైట్లు. "స్త్రీ" అనే ఒక్క అక్షరంలో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిపి ఆరు కోడ్‌లు, 18 బైట్లు. ఆ లెక్కన అచ్చ తెలుగు పేరుకి 85 కోడ్‌లే హద్దు. విండోస్ బైట్లు లెక్కపెట్టదు కాబట్టి అక్కడ హాయిగా సేవ్ అయిన పొడవాటి పేరు ఇక్కడికి కాపీ చేసేటప్పుడు తిరగబడుతుంది. ఎర్రర్ చూస్తే డిస్క్ పాడైందేమో అనిపిస్తుంది. పేరు కుదిస్తే చాలు.

విండోస్ వైపు హద్దు వేరు: చాలా ప్రోగ్రాములకి పూర్తి పాత్ 260 అక్షరాల్లోపు ఉండాలి. ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టుకుంటూ పోతే ఇది తగులుతుంది. లోతైన ఫోల్డర్‌నే విడి షేర్‌గా ఇస్తే పాత్ చిన్నదవుతుంది.

## 11. లైన్ ఎండింగ్

విండోస్‌లో రాసిన స్క్రిప్ట్ లినక్స్‌లో "బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్" అంటూ, చివర ^ఎం అనే వింత గుర్తుతో ఆగిపోతే అది పర్మిషన్ సమస్య కాదు. విండోస్ ప్రతి లైన్ చివరా రెండు గుర్తులు పెడుతుంది, లినక్స్ ఒకటే. లినక్స్‌లో లేని ఆ అదనపు గుర్తే ^ఎం. "ఫైల్" కమాండ్‌తో నిర్ధారించుకుని "డాస్2యూనిక్స్" కొట్టండి. లైన్లు బాగానే ఉన్నా మొదటి లైనే పనిచేయకపోతే ఫైల్ మొదట్లో బామ్ అనే కనపడని గుర్తు ఉండి ఉంటుంది. ఎడిటర్‌లో బామ్ లేని యూటీఎఫ్-8గా సేవ్ చేయండి.

## 12. షేర్‌లో పెట్టకూడనివి

ఎస్‌క్యూలైట్, యాక్సెస్ లాంటి డేటాబేస్ ఫైల్స్‌ని ఇద్దరు ఒకేసారి షేర్ మీద నుంచి తెరవొద్దు. నెట్‌వర్క్ మీద లాకింగ్ ఒక్కసారి తప్పినా ఫైల్ పాడవుతుంది. ఒకే ఫోల్డర్‌ని సాంబాతోనూ ఎన్‌ఎఫ్‌ఎస్‌తోనూ ఇచ్చి రెండువైపులా రాయనివ్వడం కూడా అంతే ప్రమాదం.

"ఫైల్ వేరేవాళ్లు వాడుతున్నారు" అని వచ్చి, ఎవరూ వాడట్లేదని అందరూ అంటే, సర్వర్‌లో "ఎస్‌ఎంబీస్టేటస్" కొట్టండి. ఏ ఫైల్ ఏ మెషీన్ నుంచి తెరిచి ఉందో చూపిస్తుంది. ఆ మెషీన్‌లో ప్రోగ్రాం మూయించండి. ఎవరూ లేకపోయినా ఆఫీస్ ఫైల్ తెరుచుకోకపోతే పక్కనే ~$ తో మొదలయ్యే దాచిన ఫైల్ మిగిలిపోయి ఉంటుంది, దాన్ని తీసేయండి.

సర్వర్‌లోని సిమ్‌లింకులు (లినక్స్ షార్ట్‌కట్‌లు) షేర్ బయటి ఫోల్డర్‌ని చూపిస్తుంటే సాంబా వాటిని తెరవదు. "వైడ్ లింక్స్" ఆన్ చేయమనే సలహా కన్నా ఆ ఫోల్డర్‌ని షేర్ లోపలికి బైండ్ మౌంట్ చేయడం (అదే ఫోల్డర్‌ని రెండో చోట కూడా కనపడేలా కలపడం) మేలు.

## 13. అన్నీ చూశాక కూడా అంతు చిక్కకపోతే

ఎస్‌ఎంబీ.కాన్ఫ్ గ్లోబల్ భాగంలో "లాగ్ లెవెల్ = 3" పెట్టి సర్వీస్ రీస్టార్ట్ చేయండి. విండోస్ నుంచి ఒక్కసారి ప్రయత్నించి, వెంటనే /వార్/లాగ్/సాంబా ఫోల్డర్‌లోని ఫైల్ చివరి భాగం చదవండి. ఇవి వెతకండి:

- లాగ్‌లో మీ ప్రయత్నమే లేదు: విండోస్ నుంచి ఇక్కడిదాకా రాలేదు. పోర్ట్, ఫైర్‌వాల్, ఐపీ.
- ప్రయత్నం ఉంది, యూజర్ పేరు వేరేగా ఉంది: విండోస్ దాచుకున్న పాత క్రెడెన్షియల్ పంపుతోంది.
- యూజర్ సరే, షేర్ దగ్గర ఆగింది: వాలిడ్ యూజర్స్, గ్రూప్.
- షేర్ తెరుచుకుంది, ఫైల్ దగ్గర ఆగింది: నేమ్‌ఐ, ఎస్‌ఈలినక్స్, ఫైల్ పేరు.

పని అయ్యాక లాగ్ లెవెల్‌ని 1కి తగ్గించడం మర్చిపోకండి. 3 మీదే వదిలేస్తే లాగ్ ఫైల్స్ పనికిరాని వరుసలతో ఉబ్బిపోతాయి, ఈసారి తప్పు జరిగినప్పుడు చూడాల్సిన వరుస వాటిలో దొరకదు.